టీవీ కూడా వచ్చే కార్డు

...అయినా ఎరుపు ఎరుపుగానే కనిపించడానికి ఏడువేలు ఎక్కువ పెడదామంటే ఏ మొగుడు ఒప్పుకుంటాడు? స్వర్ణ కాలిపోయిన కంప్యూటర్ కార్డును రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఒక మూల నల్లగా మాడిపోయింది. గోరుతో గీకితే పొడి రాలుతోంది. నిన్న మిర్యాలగూడలో సగం ఊరికి కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు కంప్యూటర్ డబ్బాలోంచి పోపు మాడిన వాసన వచ్చింది. అప్పటికి ఆమె ఒక పెళ్లి కేసెట్టులో జీలకర్ర బెల్లం దాకా వచ్చి ఉంది.

తప్పు తనది కాదని తెలుసు. తెలిసినా, మొగుడు మురళీధర్ ఇంటికి వచ్చి డబ్బా మూత తీసి చూసేదాకా భయంగానే ఉంది. అతను చూసి "సరే, కొత్తది కొనాలె" అన్నాక కూడా ఆ భయం పూర్తిగా వదల్లేదు. తను చేయని తప్పులకు కూడా ముందే ఒళ్లు ముడుచుకునే ఈ గుణం ఎక్కడ అంటుకుందో అని ఆలోచించడం ఆమెకు అలవాటు. ఎంత ఆలోచించినా దాని మొదలు దొరకదు.

పెళ్లిళ్లకు కెమెరా పట్టుకుని పోయేది మురళీధర్. ఇంటి ముందుగదిలో కూర్చుని మిక్సింగ్ చేసేది స్వర్ణ. అతను తెచ్చిన కేసెట్టు వీసీఆర్‌లో వేస్తే, మూడు రంగుల వైర్ల గుండా, ఈ క్యాప్చర్ కార్డు మీదుగా బొమ్మ కంప్యూటర్లోకి వస్తుంది. మూడు గంటల కేసెట్టుకు మూడు గంటలూ పడుతుంది. దాన్ని కోసి, అతికించి, పాటలు వేసి, పూలు రాల్చి, సీడీ కొడుతుంది. ఆరేళ్ల కింద పక్కవీధి కుర్రాడి దగ్గర పదిహేను రోజులు చూసి నేర్చుకుంది. మిగతాదంతా తప్పులు చేసి నేర్చుకుంది. వాకిట్లో బోర్డు మీద మాత్రం కూతురి పేరు పెట్టారు: స్రవంతి వీడియోస్. దాని కింద కాస్త చిన్న అక్షరాలతో మురళీధర్ పేరూ, ఫోన్ నంబరూ.

ఎరుపుతోనే వచ్చింది చిక్కు. కంప్యూటర్ తెర మీద పెళ్లిచీర బాగానే ఉంటుంది. అదే సీడీ టీవీలో వేస్తే ఎరుపు గట్టు తెగి పక్కకు పారుతుంది, పెళ్లికూతురి మెడా, చేతులూ కుంకుమ నీళ్లలో ముంచి తీసినట్టు అయిపోతాయి. అందుకని ఒక ముక్క సీడీ కొట్టి, లోపలిగదిలోకి వెళ్లి, అత్త ఎల్లమ్మ చూసే సీరియల్ ఆపమని బతిమాలి, వేసి చూసి, మళ్లీ ముందుగదికి వచ్చి రంగు తగ్గించి, ఇంకో సీడీ కొట్టాలి. ఒక్కో పెళ్లికి ఐదారు సార్లు. ఎల్లమ్మ ప్రతిసారీ ఒకటే మాట అంటుంది: "నీ పెండ్లి కూతుర్లు పాడుగాను, గా కోడలు ఇషం తాగిందో లేదో సూడనియ్యవేమే!"

కొత్తగా వచ్చిన ఆల్ ఇన్ వన్ కార్డులో టీవీకి బొమ్మ పంపే దారి ఉంది. వైరు ఒకటి లాగితే, పని చేస్తుండగానే టీవీలో ఎట్లా కనిపిస్తుందో చూసుకోవచ్చు. తలుపు పైన గోడకు చిన్న బెజ్జం ఉంది. అక్కడినుంచి వైరు తీస్తే, కుర్చీ కొంచెం ఎడమకు జరిపితే, గుమ్మంలోంచి టీవీ కనిపిస్తుంది. దారంతో కొలిచి చూసుకుంది కూడా. పదకొండు మూరలు.

మిగిలిపోయిన శుభలేఖ ఒకటి తీసి దాని వెనక గీత గీసి రాసింది. ఎడమవైపు ఉత్త క్యాప్చర్ కార్డు, నాలుగువేలు. కుడివైపు ఆల్ ఇన్ వన్, పదకొండువేలు. కుడివైపు కింద ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చింది: ఫ్రేములు జారిపోవు, పంతులు నోరు కదలకముందే మంత్రం వినిపించదు. టీవీకి బొమ్మ పోతుంది. పాత గ్రాఫిక్స్ కార్డు తీసేయవచ్చు, డబ్బా వేడెక్కదు. టీవీ ట్యూనర్, రిమోట్, కంప్యూటర్లోనే టీవీ చూడొచ్చు. చివరిది రాసి, ఒక క్షణం చూసి, దాని మీద అడ్డంగా గీత కొట్టింది. మనకు అక్కర్లేదు.

మురళీధర్ అన్నం తింటూ ఆ శుభలేఖను పక్కన పెట్టుకుని చదివాడు.

"నాలుగువేల దాంతోని పని నడవదా?"

"నడుస్తది."

"మరింగేంది? నడుస్తదంటే ఇగ ఏడువేలు ఎందుకే? లైటు బ్యాటరీ ఒకటి కొత్తది కొనుక్కుంట నేను. పెండ్లిల నడుమ లైటు బందైతే ఇజ్జత్ పోయేది నాది."

"రంగు..."

"రంగుదేముందే. ఏ పెండ్లోడన్న వచ్చి మా చీర ఎర్రగైందని అడిగిండా ఇప్పటిదాంక?"

ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండేందుకే కదా ఆమె అన్నిసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. కష్టం కనపడకుండా చేసిన పనికి ఆ కష్టాన్ని రుజువు చేయడం ఎట్లా? ఆమె మజ్జిగ పోసింది.

*

సూర్యాపేట బస్టాండుకు దగ్గర్లో మేడ మీద ఉంది నవీన్ కంప్యూటర్ల దుకాణం. అతనిది కోదాడ. నవ్వు ముఖం, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూ డ్రైవరు. ఇద్దరినీ కూర్చోబెట్టి, అతను మురళీధర్ వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

"చెప్పండి సార్. మేడమ్‌గారికి కూల్ డ్రింక్ చెప్పమంటారా?"

"చెప్పు," అన్నాడు మురళీధర్.

స్వర్ణకు దాహం లేదు. వచ్చింది కనుక తాగింది.

నవీన్ రెండు కార్డులూ బల్ల మీద పెట్టాడు. స్వర్ణ ఆల్ ఇన్ వన్ డబ్బా తన వైపు తిప్పుకుని వెనక ఉన్న బొమ్మలు చూసింది. తర్వాత మెల్లగా అంది: "ఫ్రేములు జారిపోతయా అడుగు."

"ఫ్రేములు గిట్ల జారిపోతయా?" అన్నాడు మురళీధర్.

"జారవు సార్," అని నవీన్ మురళీధర్‌కు చెప్పాడు. "చిన్నదాంట్లో ప్రాసెసర్ మీద బరువు పడుద్ది. కాస్త పాత సిస్టమైతే జారతాయి. దీంట్లో ఆ బాధ లేదు."

"మన మదర్‌బోర్డుకు పడతదా అడుగు."

"మా మదర్‌బోర్డుకు పడతదా?"

"మీ బోర్డు ఏది సార్?"

మురళీధర్ స్వర్ణ వైపు చూశాడు. స్వర్ణ చెప్పింది. నవీన్ ఆ జవాబు విని, తల ఊపి, మళ్లీ మురళీధర్‌తోనే అన్నాడు: "బ్రహ్మాండంగా పడుద్ది సార్."

ఆమెకు నవ్వు వచ్చింది. ఒక కేసెట్టులోంచి ఇంకో కేసెట్టుకు ఎక్కించినట్టు తన మాట మొగుడి గొంతులోంచి పోతే తప్ప అవతలి మనిషికి ముట్టడం లేదు. పైగా అట్లా ఎక్కించినప్పుడు ప్రతిసారీ కొంచెం రంగు తగ్గుతుంది. ఆ సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు?

మురళీధర్ ఆమె చేతిలోంచి శుభలేఖ తీసుకుని, దాని వెనక రాసినవి ఒక్కొక్కటే చదివి అడగడం మొదలుపెట్టాడు. గొంతు కూడా కొంచెం మారింది. అంతా అయ్యాక నవీన్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"సార్ బాగా స్టడీ చేసే వచ్చారే! మాకు ఇట్లాంటి కస్టమర్లే కావాలండీ. కొందరొస్తారు, ఏదో ఒకటి ఇవ్వమంటారు."

"ఫీల్డుల ఉన్నం కద," అన్నాడు మురళీధర్.

స్వర్ణ సీసా అడుగున మిగిలిన నురుగు చూస్తూ కూర్చుంది. కోపం రాలేదు. వస్తే బాగుండేది. దాని స్థానంలో చిన్నప్పటినుంచీ తెలిసిన ఒక చల్లదనం వచ్చి కూర్చుంది. పోనీ, ఎవరు అడిగితేనేం, కార్డు వస్తే చాలు.

కార్డు వచ్చేలా లేదు. మురళీధర్ శుభలేఖ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిగనే ఉంది గని, నవీనూ, మా పనికి గింత అవుసరం లేదు. నాలుగువేలదే ప్యాక్ చెయ్యి."

నవీన్ చిన్న డబ్బా మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి డబ్బాను లేపడానికి పట్టిన కొద్దిసేపట్లో స్వర్ణ మనసు చాలా దూరం తిరిగి వచ్చింది. లోపలిగదికి ఐదుసార్లు, పెళ్లికి ఆరు సీడీలు, అత్త గొంతు, కుంకుమ నీళ్లు. వీటిలో ఏది చెప్పినా అతనికి వినిపించదు. అవి తన కష్టాలు. అతనికి ఏది వినిపిస్తుందో ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్లుగా తెలుసు. కూర ఉప్పెక్కితే ఏ మాట అనాలో, అత్తతో పేచీ వస్తే ఏ మాట అనాలో తెలిసినట్టే ఇదీ తెలుసు.

"దీంట్ల టీవీ కూడ వస్తదట," అంది. సీసా బల్ల మీద పెడుతూ, ఎవరితోనో అన్నట్టు. "పాకిస్తాన్ మ్యాచ్‌లున్నయి కద ఈ నెలంత. ముందట్నే కూసొని సూడొచ్చు. అత్తతోని లొల్లి ఉండది."

నవీన్ ఆమెను మొదటిసారి చూశాడు. వెంటనే లేచి, తన కంప్యూటర్లో పెట్టి ఉన్న అట్లాంటి కార్డే ఆన్ చేశాడు. తెర మీద పచ్చటి మైదానం విచ్చుకుంది. రిమోట్ మురళీధర్ చేతిలో పెట్టాడు. మురళీధర్ ఒక బటన్ నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. అతని పై పెదవి కింద పళ్లు కొద్దిగా కనిపించాయి. పెళ్లయిన కొత్తలో ఆ ముఖం ఒకటి రెండుసార్లు చూసింది స్వర్ణ.

"రికార్డు కూడ అయితదా?"

"అవుద్ది సార్! మ్యాచ్ మొత్తం!"

పదకొండువేలకు రెండు వందలు తగ్గించాడు నవీన్.

తిరుగు బస్సులో డబ్బా మురళీధర్ ఒళ్లోనే ఉంది. అతను కాగితాలు తీసి రిమోట్ బొమ్మ ఉన్న పేజీ చదువుతున్నాడు. స్వర్ణ కిటికీలోంచి బయట వెనక్కి పోతున్న వరిపొలాలు చూస్తోంది. గెలిచినట్టే ఉంది. కానీ ఈ గెలుపు ఎవరికీ చెప్పుకునేది కాదు. నాకు కావాలి అనకుండా, నీకు బాగుంటది అని చెప్పి తెచ్చుకున్నది నాదెట్లా అవుతుంది? మరీ ఎక్కువ ఆలోచిస్తున్నానులే అనుకుని కళ్లు మూసుకుంది.

*

సోమవారం కార్డు బిగించారు. మంగళవారం కేబుల్ అతను వచ్చి, లోపలిగదిలో టీవీకి వచ్చే వైరును రెండు చేసి, ఒకదాన్ని తలుపు పైన బెజ్జంలోంచి ముందుగదికి లాగి కంప్యూటరుకు తగిలించాడు. ఆ బెజ్జంలో ఒకటే వైరు పట్టింది. టీవీకి బొమ్మ పంపే వైరు సంగతి స్వర్ణ గుర్తుచేస్తే మురళీధర్ అన్నాడు: "తెద్దాం తియ్యే. ఒక్కటొక్కటే."

బుధవారం మ్యాచ్. మురళీధర్ స్నేహితుడు మహేశ్వర్ రైస్ మిల్లులో గుమస్తా. అతను సెలవు పెట్టి వచ్చాడు. ఇంకో ముగ్గురు వచ్చారు. కస్టమర్ల కోసం వేసిన బెంచీ మీద ఇద్దరు, చాప మీద ఇద్దరు. ఆమె కుర్చీలో మురళీధర్.

"తెర చిన్నదైనా, దగ్గర్నించి సూస్తే బాలు మన ముక్కుకే తగిలేటట్టుందిరా," అన్నాడు మహేశ్వర్. "ఎంత పడ్డది?"

"పడ్డది గని, అన్ని సూసుకొనే తెచ్చిన," అన్నాడు మురళీధర్. "ఉత్త క్యాప్చర్ కార్డు నాలుగువేలకు వస్తది. దాంతోని ఫ్రేములు జారిపోతయి. నోరు ఒకదిక్కు, మంత్రం ఒకదిక్కు."

స్వర్ణ చాయ్ గ్లాసులు అందిస్తూ ఆ వాక్యం విన్నది. మాట మాటా తన శుభలేఖ మీదిదే.

రేణుకమ్మ మొదటిసారి వచ్చింది ఆ రోజే. నిడమనూరు మనిషి. గొర్లు కాసే కుటుంబం, స్వర్ణకు దూరపు వరస అత్త. నెల కింద ఆమె కొడుకు పెళ్లికి మురళీధరే కెమెరా పట్టుకుని పోయాడు. అప్పటినుంచి మూడు కేసెట్లూ అలమరలో ఉన్నాయి. రేణుకమ్మ గుమ్మంలో నిలబడి, లోపల మగవాళ్లను చూసి, కొంగు సర్దుకుని, స్వర్ణను సైగ చేసి పిలిచింది.

"సీడీ అయిందా బిడ్డా?"

"కాలేదత్తా. కార్డు కాలిపోయిండె. ఇప్పుడొచ్చింది కొత్తది."

"ఐతారందాంకనన్న అయితదా? మా ఆడబిడ్డ లొల్లి పెడుతున్నదే. పెండ్లిల దానికి నేను బట్టలు పెట్టలేదంట. అందరి ముందట బొట్టు పెట్టి, చీర ఒళ్లె పెట్టి, కాళ్లు మొక్కిన. మొక్కలేదు, ఇంట్ల పిలిచి సాటుకు పారేసిందంటున్నది. ఐతారం పంచాయితికి అందరు కూసుంటరు. సీడీ ఉంటే పెద్దమనిషి ఇంట్ల సీడీ మిషనుంది, ఏసి సూపిస్త. దాని నోరు పడిపోతది."

"శుక్రారం రా అత్తా. చేసిపెడ్త."

ఆ సాయంత్రం మ్యాచ్ అయ్యాక కరెంటు కోత. కోత అయ్యాక స్రవంతికి అన్నం, అత్తకు రొట్టె. గురువారం పొద్దున స్వర్ణ మొదటి కేసెట్టు వేసి, బొమ్మ కంప్యూటర్లోకి ఎక్కుతుంటే, వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి తెర మీద ఎవరో నిన్నటి మ్యాచ్ గురించి మాట్లాడుతున్నారు. మురళీధర్ రిమోట్ పట్టుకుని ఉన్నాడు.

"కేసెట్టు ఎక్కుతుంటే..."

"ఎక్కనీ. నేనేమన్న వైరు పీకిన్నా?"

కేసెట్టు తిరుగుతూనే ఉంది, బొమ్మ మాత్రం ఎక్కడం ఆగిపోయింది. ఆమె నవీన్‌కు ఫోన్ చేసింది. మురళీధర్ గొంతు కాకపోయేసరికి అతను ఒక క్షణం తడబడ్డాడు.

"అంటే మేడమ్, కార్డు అన్నీ చేస్తుందండీ. కాకపోతే ఒకసారికి ఒకటే. కేసెట్టు ఎక్కేటప్పుడు టీవీ రాదు, టీవీ పెడితే కేసెట్టు ఆగుద్ది. సార్‌కి తెలుసు కదండీ?"

ఆమె ఫోను పెట్టేసింది. ఇంత రాసి, ఇంత అడిగించి, ఈ ఒక్క ప్రశ్న తనకు తట్టలేదు. తట్టకపోవడం కూడా వింత కాదు. అన్నీ చేసేదానికి పూట సరిపోదన్న సంగతి, కొనేటప్పుడు డబ్బా మీద ఎవరు రాస్తారు?

శుక్రవారం రేణుకమ్మ రెండోసారి వచ్చింది. అప్పటికి ఒక కేసెట్టే ఎక్కింది. మురళీధర్ వాకిట్లో బండి తుడుస్తున్నాడు.

"ఏమోనత్తా, నేనైతే కొత్త మిషను తెచ్చిచ్చిన," అన్నాడు. "గీమె చేసుడే జర ఆలిశెం."

గుమ్మం లోపల స్వర్ణ చేతిలో చీపురు ఆగింది. రేణుకమ్మ ఆమె వైపు చూసిన చూపులో తిట్టు లేదు. బస్సు ఛార్జీ ఉంది, ఎండ ఉంది, ఇంకా ఒక్కరోజే ఉందన్న లెక్క ఉంది. ఆ సాయంత్రమంతా స్వర్ణ, తను అనని మాటను లోపల రకరకాలుగా కూర్చుకుంటూ గిన్నెలు తోమింది. ఒక్కో కూర్పులో ఆమె అంతకంతకూ బాగా మాట్లాడింది.

*

శనివారం మళ్లీ మ్యాచ్. ఈసారి ఏడుగురు. గదిలో చెమట, శనక్కాయ పొట్టు. పైన ఫ్యాను గుండ్రంగా తిరుగుతున్నా గాలి ఎవరికీ తగలడం లేదు. నాలుగింటికి కోత అని అందరికీ తెలుసు. మ్యాచ్ ఆలోపు తేలుతుందా లేదా అన్నదే వాళ్ల బెంగ.

మూడుంబావుకు రేణుకమ్మ వచ్చింది. చెప్పులు వాకిట్లో విడిచి, గడపకు అవతలే నిలబడింది. ఈసారి సైగ కూడా చేయలేదు.

స్వర్ణ వెళ్లి నీళ్లిచ్చింది. రేణుకమ్మ తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ అంది: "కాలేదు కద."

"పెండ్లంత కాలేదత్తా."

"మరి రేపు నేనేం సూపియ్యాలె? దాని నోటికి నేనే దొంగనైత."

పెళ్లంతా కాలేదు. పెళ్లంతా ఎందుకు? ఈ ప్రశ్న రాగానే స్వర్ణకు ఒళ్లు తేలికైంది, ఆ వెంటనే బరువెక్కింది కూడా. బట్టలు పెట్టిన ముక్క ఒక్కటి చాలు. అది రెండో కేసెట్టులో, తలంబ్రాలకు ముందు వస్తుంది. పది నిమిషాలు ఉంటుందేమో. కేసెట్టు తిప్పి వెతకడానికి ఐదు నిమిషాలు, ఎక్కడానికి పది, సీడీ కొట్టడానికి పది. నాలుగు కాకముందే అవుతుంది. బుధవారమే అయ్యేది. బుధవారం ఎందుకు తట్టలేదు? తట్టకపోలేదేమో. తడితే ఈ కుర్చీ అడగాల్సి వస్తుందని తట్టనివ్వలేదేమో.

ఆమె లోపలికి వచ్చి మురళీధర్ కుర్చీ పక్కన నిలబడింది.

"ఇగో. జర అర్ధగంట. రేణుకమ్మత్తకు ఒక ముక్క తీసియ్యాలె."

"ఎనిమిది ఓవర్లే ఉన్నయే."

"నాలుగింటికి కరెంట్ పోతది."

"అందుకే కద," అన్నాడు మహేశ్వర్ చాప మీదినుంచి. అందరూ నవ్వారు. "వదినా, పెండ్లి మల్ల గూడ సూడొచ్చు. గీ బాలు మల్ల రాదు!"

"ఆరింటికి వస్తది కరెంటు. అప్పుడు చెయ్యి," అన్నాడు మురళీధర్, తెర మీదినుంచి చూపు తీయకుండా. "అత్తా, జర సేపు కూసో."

"ఆరు దాటితె మా ఊరికి బస్సు లేదు కొడుకా," అంది రేణుకమ్మ గుమ్మంలోంచి.

అతను వినలేదు. ఎవరో ఫోర్ కొట్టారు. గదిలో కేక లేచి పడిపోయింది.

"లోపలికి రా అత్తా," అంది స్వర్ణ. "ఈడ కూసో. ఇప్పుడే తీసిస్త."

రేణుకమ్మ కదల్లేదు. ఆమె చూపు స్వర్ణ మీదుగా జారి మురళీధర్ వీపు మీద ఆగింది. అతను ఊ అంటే రావడానికి, ఊహూ అంటే పోవడానికి సిద్ధంగా, రెండు కాళ్లూ గడప అవతలే ఉంచి నిలబడింది. సూర్యాపేటలో నవీన్ కుర్చీ తిప్పుకున్నట్టే ఈమె కళ్లు తిప్పుకుంది. స్వర్ణకు ఒక్క క్షణం ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం నిలవలేదు. ఇట్లా చూడటం ఈమెకు ఎవరు నేర్పారో తనకూ వాళ్లే నేర్పారు. నాకు కావాలి అని తను ఒక్కసారి, ఒక్కచోట అయినా అన్నదా, ఈమె నమ్మి లోపలికి రావడానికి?

అలమరలోంచి రెండో కేసెట్టు తీసింది. వీసీఆర్‌లో పెట్టింది. అది లోపలికి పోతూ చేసిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు.

కుర్చీ పక్కకు వచ్చి, మురళీధర్ భుజం మీదుగా వంగింది. మౌసు శనక్కాయ పొట్టు కింద ఉంది. పొట్టు చేత్తో నెట్టింది. బాలు వేసేవాడు పరుగు మొదలుపెట్టాడు. గదిలో ఏడుగురూ ఊపిరి బిగపట్టారు.

"ఏందే?" అన్నాడు మురళీధర్. "ఏం చేస్తున్నవ్?"

"నాకు కావాలె," అంది స్వర్ణ.

అంటూనే బాణం గుర్తును ఆ పచ్చటి మైదానం పై మూలకు తీసుకుపోయి, టీవీ మూసేసింది.